ఆవులింత

విడవలూరు సెంటర్లో మేతల కొట్టు పైన నా గది.
కిటికీ తెరిస్తే రొయ్యమేత వాసన,
మూస్తే కంప్యూటర్ వేడి.
వీడియో ఎవరిదైనా కావచ్చు, దాని గుమ్మం నాది.
అగ్గిపెట్టె మూతంత బొమ్మ.
అందులో ఒక మొహం, ఒక ఎర్ర బాణం, మూడు మాటలు.
నాలుగో మాట పెడితే
చూసేవాడి వేలు దాటి పోతుంది.

మా వైపు గుంటల్లో కౌంట్ తగ్గేకొద్దీ రేటు.
కిలోకి వంద తూగితే పెదవి విరుస్తారు,
ముప్పై తూగితే మీసం దువ్వుతారు.
నా పనిలో కౌంట్ పెరగాలి.
నాన్నకి చెప్పి చెప్పి అలిసిపోయా.
"లక్ష కౌంటా? అయ్యి రొయ్యలా, దోమలా?" అంటాడు.

ఆ రాత్రి పదకొండింటికి మాల్యాద్రి ఫొటోలు పంపాడు.
రామతీర్థం పక్క గుంట. తెల్లారేసరికి రొయ్యంతా తేలిపోయింది.
"షాకైన రైతు మొహం కావాలన్నా, పెద్దదిగా."

రైతు మొహంలో ఏమీ లేదు.
పెదాలు బిగించి నీళ్ళకేసి చూస్తున్నాడు,
కరెంటు బిల్లు చదువుతున్నట్టు.
నిజంగా మునిగినవాడు నోరు తెరవడని
నాకప్పుడే తెలిసింది.
అది తెలిస్తే నా పని జరగదు.

వెనకాల, ఏరేటర్ పక్కన, కాస్త మసగ్గా
కాపలా మనిషి. నోరు నూతిలా తెరిచి,
కళ్ళు చికిలించి, చేతిలో టార్చి.
దొరికాడు అనుకున్నా.
చెదిరిన జుట్టు పోగుపోగునా కత్తిరించా.
గుంట తీసేశా, నురగ తీసేశా,
భుజమ్మీద తువ్వాలు తీసేశా.
కళ్ళు కాస్త పెద్దవి చేశా. పసుపు అక్షరాలు, ఎర్ర అంచు.
కుడి కింద మూల ఎప్పుడూ ఖాళీగా వదలాలి,
అక్కడ నిడివి అంకెలు కూర్చుంటాయి.
ఆ తొందర్లో మర్చిపోయా.
పన్నెండు నిమిషాల నలభై ఏడు సెకన్లు
అతని చేతిని కప్పేశాయి.

వారంలో మూడు లక్షలు.
ఇక అందరికీ ఆ మొహమే కావాలి.
తుఫానుకి అతనే. బంగారం ధరకి అతనే.
కొండ గుహలో దొరికిన నిధికి కూడా అతనే.
(నిధి లేదు. ఆ సంగతి వీడియో చివర్న చెప్తారు.)

ఒక మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చాడు.
చెంచయ్యంట పేరు. కింద మేత బస్తాలకి వచ్చి
కొట్టు కుర్రాడి ఫోన్లో తనని చూసుకున్నాడు.
"ఇది నేనే గదా అబ్బయా?"
"అవునన్నా."
"ఏంటికి నోరు తెరిచినానంట?"
"ఆశ్చర్యపోయి."
కోపమొస్తుందేమోనని కుర్చీ వెనక్కి జరుపుకున్నా.

"ఆశ్చర్యం యాడిది! ఆవులింత గదా అది.
మూడు రాత్రుళ్ళు కునుకు లేదు.
కరెంటు పోయిందంటే జెనరేటర్ ఎయ్యాల,
ఎయ్యకుంటే రొయ్య చచ్చిపోద్ది.
ఏసినా చచ్చింది, అది వేరే సంగతి."

మళ్ళీ ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశాడు.
"నా చెయ్యేదీ? టార్చి పట్టుకోనుంటి గదా?"
"ఆ అంకెల కింద ఉందన్నా."
మట్టి తుడిచినట్టు బొటనవేలితో తుడిచాడు.
మాల్యాద్రి గొంతు ఒక్కసారి అరిచింది:
"మిత్రులారా!"

అప్పుడు చూశాను ఉలిక్కిపడ్డ మనిషిని.
మూతి గట్టిగా మూసుకునే ఉంది.
ముక్కు పక్కన ఒక్క నరం కదిలి ఆగింది, అంతే.
అగ్గిపెట్టె మూతంత బొమ్మలో అది కనిపించదు.

ఐదువందలిచ్చా. వద్దనలేదు, లెక్కపెట్టలేదు.
దిగుతూ దిగుతూ మెట్ల మలుపులో
ఇంకోసారి ఆవులించాడు, గోడకి చెయ్యి ఆనించి.

ఆవులింతకు అన్న ఉన్నాడంటారు.
రాత్రి రెండింటికి ఆ ఫైలు తెరిస్తే
నా దవడలు వాటంతటవే విడిపోతాయి.
ఈ వేళప్పుడు పడక మీద బొటనవేలు జరుపుకుంటూ
ఎక్కడెక్కడ ఎంతమంది నోళ్ళు తెరుస్తున్నారో,
దేనికో తెలియకుండా.

మాల్యాద్రి ఫోన్. "ఆ షాక్ మొహమే పెట్టన్నా."
పెడతాను. కిందింట్లో అద్దె అడుగుతున్నారు.
కాకపోతే ఈమధ్య అతన్ని నాలుగు వేళ్ళు పైకి జరిపి,
అంకెలకి తగలకుండా,
టార్చి కనిపించేట్టు పెడుతున్నా.